వెలుగు పడితే వెలిగే తెరలు: పేటెంట్ తిరస్కరిస్తే అప్పీలు ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. లేజరో, అతినీలలోహిత దీపమో పడితే వెలిగే పదార్థాలతో డిస్‌ప్లేలు చేస్తున్నవాళ్లు, ఎక్కువగా అమెరికాలో, పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, ఎగ్జామినర్ తిరస్కరించారు, తర్వాత ఏం చేయాలని అడుగుతున్నారు. పేటెంట్ పని చేసేవాళ్లు, ఫాస్ఫర్ (వెలుగు పడితే వెలిగే పొడి) పూతల పని తెలిసినవాళ్లు కలిసి ఈ జవాబులు రాశాం. మీ ఫైలు మేం చూడలేదు కాబట్టి గడువు తేదీలను మాత్రం మీ ఏజెంటుతో సరిచూసుకోండి.

ప్రశ్న: పారదర్శకమైన గాజు మీద ఫ్లోరసెంట్ ఫిల్మ్ అతికించి, 405 నానోమీటర్ల లేజర్‌తో బొమ్మ గీసే డిస్‌ప్లే మాది. అమెరికాలో 20 క్లెయిములతో దరఖాస్తు చేశాం. రెండోసారి కూడా అన్నీ తిరస్కరించి ‘ఫైనల్’ అన్నారు. ఒక పాత పేటెంట్‌లో ఫ్లోరసెంట్ ఫిల్మ్ ఉందట, ఇంకోదాంట్లో లేజర్ స్కానర్ ఉందట, రెండూ కలిపితే మీదేనట. అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ ఫీజు కట్టి పరిశీలన కొనసాగించమని అడగాలా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: క్లెయిములు అంటే మీరు హక్కు కోరుతున్నదేమిటో చెప్పే వాక్యాలు. వాటిలో ఇప్పుడున్న మాటలతోనే, ఫైల్లో ఇప్పుడున్న కాగితాలతోనే గెలవగలమని అనిపిస్తే అప్పీలుకు వెళ్లండి. ఒక్క మాట చేర్చినా, ఒక్క పరీక్ష ఫలితం జతచేసినా కేసు బలపడుతుందనిపిస్తే ఆర్‌సీఈ వేయండి, అంటే మీరన్న ఆ కొనసాగింపు దరఖాస్తు. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఉండే పేటెంట్ ట్రయల్ అండ్ అప్పీల్ బోర్డు మీ తెర ఎంత బాగా వెలుగుతుందో చూడదు. ఎగ్జామినర్ రాసిన కారణం ఫైల్లోని కాగితాల మీద నిలుస్తుందా లేదా, అంతవరకే ముగ్గురు జడ్జీలు తేలుస్తారు.

‘రెండూ కలిపితే మీదే’ అన్న వాదన 2007లో సుప్రీంకోర్టు కేఎస్ఆర్ తీర్పు ఇచ్చాక ఎగ్జామినర్లకు తేలికైంది. అయినా ఎందుకు కలుపుతారో ఒక హేతువు చెప్పక తప్పదు. మీ కేసులో ఆ హేతువును కొట్టాల్సింది ఫోటోఫిజిక్స్‌తోనే. మొదటి పత్రంలోని ఫిల్మ్‌ను ఏ దీపం వెలిగిస్తుందో చూడండి. 365 నానోమీటర్ల దీపం కోసం ఎంచుకున్న రంగుపదార్థం 405 దగ్గర దాదాపు ఏమీ పీల్చుకోకపోవచ్చు. రెండో పత్రంలోని స్కానర్ పరారుణ లేజర్‌ది అయితే దూరం ఇంకా పెరుగుతుంది. కారు విండ్‌షీల్డు లాంటి లామినేటెడ్ గాజు అయితే మరో సంగతి ఉంది. రెండు గాజుల మధ్య ఉండే పీవీబీ పొర సుమారు 380 నానోమీటర్ల లోపు కాంతిని చాలావరకు మింగేస్తుంది. కాబట్టి 365 దీపాన్ని ఆ గాజుకు ఇవతల పెట్టి అవతలి ఫిల్మ్‌ను వెలిగించడం కుదరదు.

ఇలాంటి చోట 1984 నాటి గార్డన్ తీర్పు పనికొస్తుంది. పెట్రోలు లాంటి తేలిక ఇంధనాల నుంచి నీరు, మడ్డి తీసే పాత పరికరాన్ని తలకిందులు చేస్తే దరఖాస్తుదారుల రక్తం వడపోత పరికరం వస్తుందని పేటెంట్ ఆఫీసు అంది. తలకిందులు చేస్తే ఆ పాత పరికరమే పనిచేయదని చెప్పి పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. మీరు చూపాల్సిందీ అదే: ఎగ్జామినర్ చెప్పిన మార్పు చేస్తే మొదటి పత్రంలోని ఫిల్మ్ వెలగడం మానేస్తుందని. అయితే ఆ మాట మీ లాయరు నోటి నుంచి వస్తే సాక్ష్యం కాదు. పాత పత్రంలోని శోషణ గ్రాఫో, నిపుణుడి డిక్లరేషనో (ప్రమాణపూర్వక లిఖిత వాంగ్మూలం) ఇప్పటికే ఫైల్లో ఉండాలి. అది లేకపోతే మీకు మా సలహా ఆర్‌సీఈనే.

ఇక గడువులు. ఫైనల్ తిరస్కరణ తేదీ నుంచి 3 నెలల్లో నోటీస్ ఆఫ్ అప్పీల్ వేయాలి. నెలనెలా ఫీజు కడుతూ మొత్తం 6 నెలల దాకా లాగవచ్చు, ఆ పైన దరఖాస్తు వదిలేసినట్టే. నోటీసు వేసిన రోజు నుంచి 2 నెలల్లో అప్పీల్ బ్రీఫ్, అంటే మీ వాదనల పత్రం, ఇవ్వాలి. దీనికి కూడా ఫీజుతో ఇంకో 5 నెలల పొడిగింపు దొరుకుతుంది. బ్రీఫ్ దాఖలుకు విడిగా ఫీజు లేదు. నోటీసుకు ఒకసారి, ఎగ్జామినర్ జవాబు వచ్చాక ఫైలును బోర్డుకు పంపడానికి ఇంకోసారి కట్టాలి. రెండోదే పెద్ద మొత్తం. చిన్న సంస్థలకు ఇందులో 60 శాతం, మైక్రో సంస్థలకు 80 శాతం తగ్గింపు ఉంది.

నోటీసుతో పాటే ‘ప్రీ అప్పీల్’ సమీక్ష అడిగే వీలు కూడా ఉంది. 5 పేజీలు దాటకూడదు, క్లెయిముల్లో సవరణ పెట్టకూడదు. ఎగ్జామినర్‌తో పాటు ఆఫీసులోని మరికొందరు అనుభవజ్ఞులు కూర్చుని చూస్తారు. ఈ పాత పత్రంలో ఫలానా భాగం అసలు లేదు అన్నట్టు ఒక్క వాక్యంలో తేలిపోయే తప్పుంటే ఇదే చవకైన దారి. రెండు పత్రాలు కలపడంలో హేతువు బలహీనమన్న తరహా వాదనకు ఆ 5 పేజీలు చాలవు, పైగా మీ వాదన ముందే బయటపెట్టినట్టవుతుంది.

పేటెంట్ కాలం లెక్క కూడా చూసుకోండి. ఆఫీసు 3 ఏళ్లకు మించి తీసుకుంటే రోజుకు రోజు కలుపుతారు కానీ, ఆర్‌సీఈ వేసిన తర్వాత గడిచిన కాలం ఆ లెక్కలోకి రాదు. అప్పీలులో బోర్డు తిరస్కరణను కొట్టేసి పేటెంట్ వస్తే మాత్రం అప్పీలులో పోయిన కాలం తిరిగి కలుస్తుంది.

ప్రశ్న: మా మొదటి క్లెయిములో ‘కాంతి తగిలినప్పుడు దృశ్యకాంతిని వెలువరించే లూమినెసెంట్ పొర’ అని రాశాం. మామూలు ప్రింటర్ కాగితం కూడా ఈ వర్ణనలోకి వస్తుందని ఎగ్జామినర్ రాశారు. ఇది వెటకారమా? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: వెటకారం కాదు, ఎగ్జామినర్ అన్నది సరైన మాటే. తెల్ల కాగితంలో ఆప్టికల్ బ్రైటెనర్లు కలుపుతారు. అవి 360 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని పీల్చి 440 దగ్గర నీలిగా వెలుగుతాయి. బట్టల సబ్బుపొడుల్లోనూ ఇవే ఉంటాయి, అందుకే తెల్లచొక్కా పబ్‌లో బ్లాక్‌లైట్ కింద మెరుస్తుంది. మీరు రాసిన మాటల ప్రకారం ఆ చొక్కా కూడా మీ క్లెయిములోని పొరే.

దరఖాస్తు దశలో క్లెయిముకు ‘సహేతుకంగా ఎంత విశాలమైన అర్థం వస్తుందో అంత’ ఇచ్చి చూస్తారు. స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) వెలుగులోనే చదవాలి కానీ, స్పెసిఫికేషన్‌లో ఉన్న పరిమితిని క్లెయిములోకి తెచ్చి అతికించరు. బ్రీఫులో ‘మా ఉదాహరణల్లో 405 అనే ఉంది కదా’ అని రాసినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఓడిపోతారు. క్లెయిములో లేనిది వాదనలో నిలవదు.

ఇంకో తరచు తప్పు, పరికరాన్ని అది చేసే పనితో మాత్రమే వర్ణించడం. ‘ప్రకటనలు చూపడానికి వాడే తెర’ అని రాస్తే ‘ప్రకటనలు’ అన్న ముక్క మీకు రక్షణ ఇవ్వదు. పాత తెర నిర్మాణం అదే అయితే, దాని మీద ఎవరూ ప్రకటన చూపించకపోయినా మీ క్లెయిము పోయినట్టే. పాత పదార్థం అదే కూర్పుతో ఉంటే, ఫలానా గుణం దానికి లేదని నిరూపించే భారం కూడా మీ మీదకే వస్తుంది.

క్లెయిములో ఉండాల్సినవి కొలవగలిగిన సంగతులు: ప్రేరక కాంతి ఏ పరిధిలో ఉంది, వెలువడే కాంతి శిఖరం ఎక్కడ, పొర మందం ఎన్ని మైక్రాన్లు, వెలగనప్పుడు దృశ్యకాంతి ఎంత శాతం దాటుతుంది, కణాల పరిమాణం ఎంత, ఏ పొర ఏ పొరకు చూసేవారి వైపు ఉంది. పారదర్శక తెరల్లో నిజమైన చిక్కు పగటి వెలుగు. కిటికీలోంచి వచ్చే ఎండలోని ఊదా, సమీప అతినీలలోహిత కాంతి కూడా ఆ ఫిల్మ్‌ను వెలిగిస్తుంది, బొమ్మ పాలిపోతుంది. దాన్ని ఆపడానికి బయటి వైపు మీరు ఫిల్టర్ పొర పెట్టి ఉంటే, మీ ఆవిష్కరణ బహుశా ఆ ఫిల్టర్ స్థానంలోనే ఉంది. క్లెయిములో మొదట కనిపించాల్సింది అది. చాలా దరఖాస్తుల్లో అది పదిహేనో క్లెయిములో దాక్కుని ఉంటుంది.

అయితే ఈ సవరణలు అప్పీలుకు ముందే చేసుకోవాలి. బ్రీఫ్ వేశాక క్లెయిములు తీసేయడం, మరో క్లెయిము మీద ఆధారపడి రాసిన క్లెయిమును స్వతంత్రంగా తిరగరాయడం, ఈ రెంటికే అనుమతి ఉంటుంది. పైగా మీరు చేర్చే ప్రతి అంకె మొదటిరోజు దాఖలు చేసిన స్పెసిఫికేషన్‌లో కనిపించాలి.

ప్రశ్న: చీకట్లో వెలిగే బోర్డులకు స్ట్రాన్షియం అల్యూమినేట్ పెయింట్ చేస్తాం. బరువులో 55 నుంచి 65 శాతం పొడి ఉంటే ఎక్కువసేపు వెలుగుతుందని కనిపెట్టాం. పాత పేటెంట్‌లో 30 నుంచి 80 అని ఉంది కాబట్టి మీది అందులోనే ఉందని తిరస్కరించారు. మాది నిజంగానే మెరుగు. బోర్డును ఎలా నమ్మించాలి? (గాజువాక, విశాఖపట్నం)

జవాబు: బోర్డు దాకా వెళ్లే ముందే, డిక్లరేషన్ రూపంలో ఎగ్జామినర్‌నే నమ్మించాలి. నోటీస్ ఆఫ్ అప్పీల్ వేశాక కొత్త సాక్ష్యం తీసుకోవడం అరుదు, బ్రీఫ్ తర్వాత అసలు లేదనుకోండి. మీ ఉత్తరం చూస్తే పరీక్షలన్నీ చేసి పెట్టుకున్నారు కానీ, ఒక్కటీ ఫైల్లో వేయలేదని అర్థమవుతోంది.

చట్టం ఇలా ఉంది. మీ పరిధి పాత పరిధి లోపలో, కొంత దాని మీదో పడితే, మీది ‘తేలికగా తట్టేదే’ అని మొదట అనుకుంటారు. దాన్ని తిప్పికొట్టాలంటే మీ పరిధి లోపల ఊహించని ఫలితం వచ్చిందని చూపాలి. 2003 నాటి పీటర్సన్ కేసు దీనికి నేరుగా సరిపోతుంది. నికెల్ మిశ్రలోహంలో రీనియం 1 నుంచి 3 శాతం అని దరఖాస్తుదారులు అడిగారు, పాత పత్రంలో 0 నుంచి 7 ఉంది. వాళ్ల దగ్గరున్న మంచి ఫలితం 2 శాతం దగ్గరది, అడిగిన పరిధి అంతటా చూపలేకపోయారు. ఓడిపోయారు. మీకూ 60 దగ్గర ఒక్క మంచి నమూనా చాలదు. 55, 60, 65 దగ్గర, పరిధి బయట 45, 75 దగ్గర కూడా నమూనాలు కావాలి. లోపలికీ బయటికీ తేడా గ్రాఫులో విరుపులా కనబడాలి. గీత నునుపుగా పెరుగుతూ పోతే ‘ఎక్కువ పొడి వేస్తే ఎక్కువ వెలుగు, ఇందులో వింతేముంది’ అంటారు. అది న్యాయమే.

పరీక్ష విషయానికి వద్దాం. డీఐఎన్ 67510 అనే జర్మన్ ప్రమాణం పద్ధతిలో జినాన్ దీపంతో 1000 లక్స్, 5 నిమిషాలు చూపి, 10వ నిమిషంలో, 60వ నిమిషంలో ప్రకాశం కొలుస్తారు. అది 0.3 మిల్లీకాండెలాకు (చదరపు మీటరుకు) పడిపోవడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాస్తారు. మీరూ దాన్నే వాడండి. ట్యూబ్‌లైటు కింద పెట్టి ఫోను కెమెరాతో తీసిన ఫోటోలు డిక్లరేషన్‌కు జతచేసిన ఫైళ్లు ఉంటాయి. కెమెరా తనంతట తానే ఎక్స్‌పోజర్ మార్చుకుంటుంది కాబట్టి అవి ఏమీ నిరూపించవు.

ఇలాంటి డేటా ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాం. అన్నిటికన్నా ఎక్కువగా పూత మందంలో. 65 శాతం పొడి వేసిన పెయింట్ చిక్కగా ఉంటుంది, అదే బ్రష్‌తో వేస్తే మందమైన పూత పడుతుంది. అప్పుడు మీరు కొలిచింది పొడి శాతాన్ని కాదు, మందాన్ని. ఎండిన పూతను గేజితో కొలిచి, అన్ని నమూనాలనూ ఒకే మందానికి తేవాలి. మందం ఒకటిగా ఉన్నా చదరపు మీటరుకు పడిన పొడి గ్రాములు మారతాయి కాబట్టి ఆ అంకె కూడా పట్టికలో ఇవ్వండి. తర్వాతది పొడి అడుగుకు దిగిపోవడం. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.6 గ్రాములు. పల్చని రెజిన్‌లో నిమిషాల్లో కిందికి చేరుతుంది. డబ్బా పైనుంచి తీసిన నమూనాలో మీరు రాసుకున్న శాతం ఉండదు. చిక్కదనం తెచ్చే పదార్థం వేసి, నమూనా తీసే ముందు మళ్లీ కలపాలి.

కణాల పరిమాణం ఒకటిగా ఉంచండి. పెద్ద కణాలు ఎక్కువ వెలుగుతాయి, నూరితే ఉపరితలం దెబ్బతిని వెలుగు తగ్గుతుంది. ఈ పొడి గట్టిది, స్టీలు బ్లేడ్లను అరగదీస్తుంది. ఆ ఇనుప రజను కలిసి పెయింట్ బూడిదరంగుకు తిరిగితే ఆ నమూనా పనికిరాదు. తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్‌ను పెయింట్‌లోనే కలిపితే అది ప్రేరక కాంతిని తినేస్తుంది. తెలుపు కింద ప్రైమర్‌లో ఉండాలి. ప్రైమర్ అన్ని పలకలకూ ఒకటే కావాలి, ఎందుకంటే వెనక్కి పోయే వెలుగును ముందుకు తిప్పేది అదే. పలకలను పరీక్షకు ముందు ఒకటి రెండు రోజులు పూర్తి చీకట్లో ఉంచకపోతే పాత వెలుగు మిగిలి అంకెలు పెరుగుతాయి. నీటి ఆధారిత బైండర్ (పొడిని పట్టి ఉంచే పదార్థం) అయితే పూత లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ తడికి విడిపోతుంది. నెల తర్వాత కొలిచిన నమూనా మొదటిరోజు నమూనాతో పోల్చదగింది కాదు. సిలికా లాంటి పూత ఉన్న పొడి వాడితే ఆ విషయం రాయండి.

పోలిక దేనితో చేస్తున్నారన్నది కూడా ముఖ్యం. పాత జింక్ సల్ఫైడ్ పెయింట్‌తో పోల్చి ‘పదింతలు వెలిగింది’ అని రాస్తే ప్రయోజనం లేదు. యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్ 1990ల నుంచి అందరికీ తెలిసినదే, 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో రాత్రంతా వెలుగుతుందన్నదీ తెలుసు. పోల్చాల్సింది ఎగ్జామినర్ చూపిన పత్రంలో మీకు అతి దగ్గరగా ఉన్న ఉదాహరణతో. ఆ ఉదాహరణను మీరే తయారు చేసి, మీ నమూనా పక్కనే కొలవాలి.

క్లెయిము కూడా డేటాకు తగినట్టు ఉండాలి. మీ ఫలితాలు ఎపాక్సీలో, 50 మైక్రాన్ల కణాలతో వచ్చినవైతే, ‘ఏ బైండర్‌లోనైనా, ఏ కణంతోనైనా’ అని అడిగిన క్లెయిమును అవి మోయలేవు.

ప్రశ్న: ఎగ్జామినర్ జవాబు వచ్చింది. రిప్లై బ్రీఫ్‌కు గడువు పొడిగించుకోవచ్చా? (డాలస్)

జవాబు: మామూలుగా నెలనెలా ఫీజు కట్టి తెచ్చుకునే పొడిగింపు దీనికి లేదు. జవాబు తేదీ నుంచి 2 నెలలే. రిప్లై బ్రీఫ్ వేయకపోయినా అప్పీలు బతుకుతుంది. కానీ ఫైలును బోర్డుకు పంపే ఫీజు అదే 2 నెలల్లో కట్టకపోతే అప్పీలు కొట్టేస్తారు. ఈ గడువు దాటిపోయి కేసు పోగొట్టుకునేవాళ్లు నిజంగా ఉన్నారు. మౌఖిక వాదన కావాలంటే ఆ అభ్యర్థన కూడా జవాబు వచ్చిన 2 నెలల్లో, లేదా రిప్లై బ్రీఫ్ వేసిన రోజున, ఏది ముందైతే అప్పుడు ఇవ్వాలి. మొదటి బ్రీఫ్‌లో లేని కొత్త వాదనను రిప్లైలో పెడితే సాధారణంగా చూడరు.

ఎగ్జామినర్ జవాబులో ‘కొత్త ఆధారం’ మీద తిరస్కరణ ఉందేమో చదవండి. ఉంటే పరిశీలనను తిరిగి తెరిపించుకునే హక్కు మీకు వస్తుంది, అప్పుడు సవరణ, సాక్ష్యం రెండూ పెట్టవచ్చు.

ప్రశ్న: పరారుణ లేజర్లు రెండు కలిసినచోట మాత్రమే వెలిగే త్రీడీ డిస్‌ప్లే మీద పరిశోధన చేస్తున్నాం. ‘ఏదైనా అప్‌కన్వర్షన్ పదార్థం’ (పరారుణాన్ని దృశ్యకాంతిగా మార్చేది) అని క్లెయిము చేశాం. ‘ఎలా చేయాలో చాలినంత చెప్పలేదు’ అని తిరస్కరించారు. అప్పీలులో గెలిచే అవకాశం ఉందా? (సంగారెడ్డి జిల్లా)

జవాబు: ఆ క్లెయిముతో కష్టం. ఈ భావన కొత్తది కాదు కూడా. 1996లోనే ఎలిజబెత్ డౌనింగ్, ఆమె సహచరులు ‘సైన్స్’ పత్రికలో దీన్ని చూపారు. ఫ్లోరైడ్ గాజులో ప్రేసియోడిమియం, ఎర్బియం, థూలియం కలిపి, రెండు పరారుణ కిరణాలు కలిసిన బిందువులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలిగించారు. మొదటి కిరణం అయాన్‌ను మధ్య శక్తి మెట్టు దాకా ఎక్కిస్తుంది, రెండోది అక్కడి నుంచి పై మెట్టుకు. రెండు తరంగదైర్ఘ్యాలూ ఆ అయాన్ మెట్లకు సరిపోవాలి. కాబట్టి పదార్థం మారితే లేజర్లూ మారాలి. ‘ఏదైనా పదార్థం’ అని అడిగినప్పుడు చదివినవారు ప్రతి పదార్థానికీ ఆ జంటను తామే వెతుక్కోవాలి.

1988 నాటి వాండ్స్ తీర్పు ఇలాంటి చోట ఎనిమిది సంగతులు చూడమంటుంది. మీకు గుచ్చుకునేవి క్లెయిము విస్తృతి, పనిచేసిన ఉదాహరణల సంఖ్య, ఈ రంగంలో ఫలితాన్ని ముందే ఊహించగలమా అన్నవి. 2023లో యామ్‌జెన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది కూడా ఇదే: ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ చెప్పాలి. అది మందుల కేసు అయినా సూత్రం అన్ని రంగాలకూ వర్తిస్తుంది.

యిటర్బియం, ఎర్బియం కలిపిన సోడియం యిట్రియం ఫ్లోరైడ్‌తో మీరు పనిచేసి ఉంటే జాగ్రత్త. అది ఒక్క 980 నానోమీటర్ల కిరణానికే ఆకుపచ్చగా, ఎర్రగా వెలుగుతుంది. అంటే కిరణం సాగిన దారంతా వెలుగుతుంది, కూడలిలోనే కాదు. వెలుగు తీవ్రత తక్కువ స్థాయిలో లేజర్ తీవ్రతకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి కూడలి ప్రకాశంగా కనిపిస్తుంది, అంతే. మీ క్లెయిములో ‘మాత్రమే’ అన్న మాట ఉంటే ఆ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. మీరు చేసి చూపిన అయాన్లకు, ఆ లేజర్ల జంటలకు కుదించండి. విస్తృత క్లెయిమును పోరాడాలనుకుంటే విడిగా కంటిన్యుయేషన్ దరఖాస్తులో (అదే స్పెసిఫికేషన్‌తో వేసే కొత్త దరఖాస్తు), మొదటిది పెండింగ్‌లో ఉండగానే వేయండి.

ప్రశ్న: బోర్డు తిరస్కరణను సమర్థించింది. ఇక కోర్టేనా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: కోర్టు ఒక్కటే కాదు. బోర్డు ఏదైనా సంగతిని పొరపాటుగా చదివితే 2 నెలల్లో పునర్విచారణ అడగవచ్చు. కోర్టుకు వెళ్లకముందే, గడువు లోపల ఆర్‌సీఈ వేసి సవరించిన క్లెయిములతో మళ్లీ ఎగ్జామినర్ దగ్గరికి పోవచ్చు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు సాధారణంగా ఇదే మేలు.

కోర్టు దారులు రెండు, రెంటికీ 63 రోజులు. 2 నెలలు అనుకుని లెక్కవేయకండి, రోజులే లెక్కపెట్టండి. వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్‌కు వెళితే ఫైలు పాతదే, కొత్త సాక్ష్యం ఉండదు. వాస్తవాల మీద బోర్డు చెప్పినదానికి తగినంత ఆధారం ఉందా అన్నంతవరకే కోర్టు చూస్తుంది. ఈ ప్రమాణం 1999 నాటి జర్కో తీర్పు తర్వాత స్థిరపడింది. చట్టం అన్వయం తప్పు అంటే మాత్రం కొత్తగా చూస్తుంది. పాత పత్రంలోని ఫిల్మ్ 405 దగ్గర కాంతిని పీల్చుకుంటుందని బోర్డు తేలిస్తే అది వాస్తవం, దాన్ని కదిలించడం కష్టం. కారణం రాయకుండా ఒక్క వాక్యంతో సమర్థించే తీర్పులు కూడా ఈ కోర్టులో మామూలే.

రెండోది తూర్పు వర్జీనియా జిల్లా కోర్టులో దావా. ఇక్కడ కొత్త సాక్ష్యం పెట్టవచ్చని 2012లో హయట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి వెల, గెలిచినా ఓడినా పేటెంట్ ఆఫీసు ఖర్చులు మీరే భరించాలి. అందులో వాళ్ల లాయర్ల జీతాలు కలపరాదని 2019లో నాంట్‌క్వెస్ట్ కేసులో తేలింది, అదొక ఊరట. వాళ్ల నిపుణుల ఫీజు కూడా కలపరాదని 2021లో ఫెడరల్ సర్క్యూట్ చెప్పింది. ఈ దావా వేస్తే ఫెడరల్ సర్క్యూట్‌కు నేరుగా వెళ్లే హక్కు వదులుకున్నట్టే.

ప్రశ్న: పేటెంట్ వచ్చాక పెద్ద కంపెనీ దాన్ని బోర్డులో సవాలు చేస్తే చిన్నవాళ్లు నిలబడగలరా? (వరంగల్)

జవాబు: నిలబడినవాళ్లున్నారు. టీవీల్లో వాడే క్వాంటమ్ డాట్లు కూడా వెలుగు పడితే వెలిగేవే, వెనక నీలి ఎల్ఈడీ ఉంటుంది. బ్రిటన్‌లోని నానోకో కంపెనీ ఈ విషయంలో సామ్‌సంగ్ మీద 2020లో టెక్సస్‌లో దావా వేసింది. సామ్‌సంగ్ ఆ అయిదు పేటెంట్లనూ బోర్డులో సవాలు చేసింది. 2022లో బోర్డు సవాలైన క్లెయిములన్నీ చెల్లుతాయని చెప్పింది. 2023లో 15 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సవాళ్లలో పాత పేటెంట్లు, ప్రచురణలు మాత్రమే ఆధారం కావచ్చు. అందుకే, ఎక్కువ డబ్బున్నవారికి కూడా మీ క్లెయిమును సరిగ్గా ముందే చెప్పిన పత్రం దొరక్కపోతే చేయగలిగింది తక్కువ.

ప్రశ్న: మా దరఖాస్తును చెన్నై పేటెంట్ ఆఫీసు తిరస్కరించింది. అప్పీలు బోర్డు రద్దయిందని విన్నాం. ఎక్కడికి పోవాలి? అదే ఆవిష్కరణకు ఇప్పుడు అమెరికాలో వేయవచ్చా? (విజయవాడ)

జవాబు: రద్దయిన మాట నిజం. ఐపీఏబీ (ఆ అప్పీలు బోర్డు) 2021 ఏప్రిల్‌లో పోయింది, అప్పీళ్లు హైకోర్టులకు వచ్చాయి. పేటెంట్ చట్టం 117ఏ కింద, నిర్ణయం తేదీ నుంచి 3 నెలల్లో వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి కాబట్టి మీ అప్పీలు మద్రాసు హైకోర్టుకు, అక్కడి మేధో సంపత్తి విభాగానికి. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో కాదు. దరఖాస్తు ఏ ఆఫీసుకు చెందిందో ఆ ప్రాంతపు హైకోర్టే అప్పీలు వినాలని 2022లో డాక్టర్ రెడ్డీస్ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది.

నిర్ణయంలో కంటికి కనిపించే పొరపాటు ఉంటే, ఉదాహరణకు మీ లిఖిత వాదనను అసలు చూడకుండా రాసి ఉంటే, నెలలోగా ఫారం 24తో సమీక్ష అడగవచ్చు. ఖర్చు తక్కువ. కానీ సమీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ 3 నెలల గడువు పోగొట్టుకోకండి. అమెరికాలో లాగా అప్పీలు ఓడాక కొత్త దరఖాస్తు విడగొట్టుకునే వీలు ఇక్కడ లేదు. అలా విడగొట్టే డివిజనల్ దరఖాస్తు వేయాలనుకుంటే తిరస్కరణకు ముందే వేయాలి, మీకు ఆ తలుపు మూసుకుపోయింది.

అమెరికా విషయంలో రెండు తేదీలు చూడండి. భారతదేశంలో దరఖాస్తు వేసి 6 వారాలు దాటి, రహస్యంగా ఉంచమన్న ఆదేశం ఏదీ లేకపోతే విదేశంలో వేయడానికి 39వ సెక్షన్ అడ్డు రాదు. దేశంలో వేయకుండా నేరుగా బయట వేయాలనుకునేవాళ్లకే ఫారం 25 అనుమతి కావాలి. కానీ మొదటి దరఖాస్తు నుంచి 12 నెలలు దాటితే ఆ మొదటి తేదీనే బయటా చెప్పుకునే హక్కు సాధారణంగా పోతుంది. పీసీటీ (అంతర్జాతీయ ఉమ్మడి దరఖాస్తు) దారిలో వెళ్లినవారికి అమెరికాలో ప్రవేశించడానికి 30 నెలలు. తిరస్కరణ దాకా వచ్చారంటే మీ భారత దరఖాస్తు 18 నెలలకు ప్రచురితమై ఉంటుంది. ప్రచురణ నుంచి ఏడాది దాటితే అమెరికాలో మీ పాత దరఖాస్తే మీకు పూర్వపత్రమై అడ్డుపడుతుంది. ఆ ప్రచురణ తేదీ ఏమిటో చూసి, పీసీటీ వేశారో లేదో కలిపి రాయండి.